ఐడిలింగ్ నిలబడలేదు

బండి నడుస్తున్నంతసేపూ ఏ గొడవా లేదు. ఆపితేనే భయం. కాశీబుగ్గ జనంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానో లేదో ఇంజను గయ్యిమని లేచేది, వెంటనే ఊపిరాడనట్టు కిందికి జారేది, మళ్ళీ లేచేది. లేవడం, పడడం, లేవడం. ఒక్కోసారి పడింది పడినట్టే ఆగిపోయేది.

నా ఒక్కడి బండే అయితే అంత పట్టించుకునేవాణ్ణి కాదు. రిటైరైన పంతులికి తొందర పనులేముంటాయి? కానీ మంగళ, గురు, శనివారాల్లో ఆ పాత వ్యాగన్ ఆర్‌లో ముగ్గురు డయాలసిస్‌కి వెళ్ళాలి. ముందు సీట్లో మా అన్నయ్య. వెనకాల జీడిపప్పు బట్టీలో పని చేసే ఒక అమ్మ, వేట మానేసిన ఒక మత్స్యకారుడు. మాది వజ్రపుకొత్తూరు మండలం. మావాళ్ళకి మిషను దొరికింది టెక్కలిలో.

ఇది 2019 నవంబరు నాటి మాట. పలాసలో కిడ్నీ ఆసుపత్రికీ పరిశోధన కేంద్రానికీ శంకుస్థాపన జరిగి రెండు నెలలైంది. అది తెరుచుకున్నది 2023 డిసెంబరులో. హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్ళు తెచ్చే పథకం ప్రారంభమైందీ అప్పుడే. నేను చెప్తున్న రోజులకి ముందు ఏడాది, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను మా తీరం మీదే దాటింది. అన్నయ్య ముప్ఫై ఏళ్ళు పెంచిన కొబ్బరి తోట తెల్లారేసరికి నేల మీద పడుకుని ఉంది. పడిపోయిన చెట్లు తొలగించక ముందే అన్నయ్య పడ్డాడు.

బండి సంగతికొస్తే, మొదటి మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. రెండో ఆయన ఐడిల్ కంట్రోల్ వాల్వ్ పోయిందన్నాడు. కొత్తది వేసి, థ్రాటిల్ బాడీ మసి కడిగి, మూడు వేల పైచిలుకు తీసుకున్నాడు. నాలుగు రోజులు బంగారంలా నడిచింది. అయిదో రోజు టెక్కలి నుంచి తిరిగొస్తూ నందిగాం దగ్గర పక్కకి తీస్తే ఆగిపోయింది. నాలుగు గంటలు మిషను మీద ఉండి వచ్చినవాళ్ళు కూర్చోనూ లేరు, దిగి నిలబడనూ లేరు. తాళం చెవి మూడుసార్లు తిప్పితే గాని ఇంజను అందుకోలేదు. అప్పుడు అన్నయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సోమవారం పొద్దున్నే ఎవరో చెప్తే కాశీబుగ్గ అవతల ఒక రేకుల షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రీకి నలభై అయిదేళ్ళుంటాయేమో. బోనెట్ ఎత్తాడు గానీ పానా ముట్టుకోలేదు. పావుగంట సేపు ఇంజను పక్కన చెవి పెట్టి నిలబడ్డాడు.

"పొద్దున్న సల్లగున్నప్పుడూ ఇలగే ఎగురుతాదేటి మాస్టారూ, వేడెక్కాకేనా?"

"రెండు పూటలా."

"మొదట్లో ఎలగుండీది?"

"ఏసీ వేస్తే కాస్త వణికేది. అంతే."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరు నెలలవుతుంది."

చెయ్యి ఆపి నా వైపు తిరిగాడు. "సదువుకున్నోరు, మీరూ ఇలగే సేస్తే ఎలాగండి? వణికినప్పుడే తెచ్చుంటే నూటేభైతో పోయీది."

నిజమే కాబట్టి నేనేమీ అనలేదు.

స్కానర్ తగిలించాడు. తెర మీద ఇంజను వేగం 1,100కీ 1,700కీ మధ్య ఊగుతోంది. అది 800 దగ్గర కుదురుగా ఉండాలి. తప్పు కోడ్ ఒక్కటీ లేదు. గాలి గొట్టం విప్పడానికి జేబులోంచి ఒక మడత కాగితం తీసి, బ్యాటరీ మీద పరిచి, విప్పిన మరలు ఒక్కొక్కటీ దాని మీద వరసగా పెట్టాడు. థ్రాటిల్ లోపల టార్చి వేసి చూశాడు. "ఇది శుభ్రంగానే ఉంది. వాలూ కొత్తదే. మరి తప్పు దానిది కాదు కదా?" అని మళ్ళీ బిగించేశాడు. కాగితం దులిపి, ఎలా ఉన్న మడతని అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పని ముచ్చటగా ఉంటుంది. ఇంజను ఆన్‌లోనే ఉంచి, పట్టకారు మూతికి గుడ్డ చుట్టి, ఇంజనులోకి వెళ్ళే రబ్బరు గొట్టాల్ని ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ఒకటి నొక్కాడు, తేడా లేదు. రెండోది, లేదు. మూడోదాన్ని నొక్కగానే గాలి ఆగిన దీపంలా ఇంజను నిలబడింది. వదిలితే మళ్ళీ ఊగులాట.

ఇంజను కట్టేసి ఆ గొట్టం ఊడదీశాడు. ఇంజను లోపలి ఆవిరిని తిరిగి గాలిదారిలోకి పంపే పీసీవీ గొట్టం అది. పైకి నిగనిగలాడుతోంది. వంపు దగ్గర వెనక్కి విరిచి చూపించాడు. నూనెకి ఉబ్బిన రబ్బరు మీద వెంట్రుకంత చీలిక. నా వేలు పట్టుకుని దాని మీద రాయించాడు. కంటికి ఆననిది గోరుకి తగిలింది.

"మరి ఆరు నెలలూ ఎలా నడిచిందయ్యా?"

"కంప్యూటరు కప్పిపెట్టీసిందండి. ఐడిలింగ్‌లో థ్రాటిల్ మూసుకుపోయుంటాది. ఇంజనుకి కావలిసిన గాలి పక్క సందులోంచి ఈ వాలే కొలిసి వదుల్తాది. దొంగగాలి కొంచెం వొస్తే కంప్యూటరు వాలుని కొంచెం మూస్తాది. ఇంకా వొస్తే ఇంకా మూస్తాది. మీకేటీ తెలీదు. మూయడానికింకేటీ లేకపోయాక వేగం పెరిగిపోతాది, పెట్రోలు కట్టీస్తాది, వేగం పడిపోతాది, మళ్ళీ పోస్తాది. ఆ ఊగులాట మీకు కనబడే పాటికి లోపల అది ఎప్పుడో ఓడిపోయింది."

"మరి వాల్వ్ మార్చాక నాలుగు రోజులు బాగుంది కదా?"

"బ్యాటరీ తీసుంటారు. నేర్సుకున్నదంతా మర్సిపోయి కొత్తగా సర్దుకుంది. ఎన్నాళ్ళు సర్దుతాది?"

కొత్త గొట్టం తెమ్మని కుర్రాణ్ణి పంపి, బల్ల మీద కూర్చున్నాడు. చెప్పుల వెనక పట్టీలు పెట్టుకోకుండా వదిలేసి ఉన్నాయి. రోజంతా నిలబడే పని కదా అనుకున్నాను. రెండు టీలు వచ్చాయి. అతనిది చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

అన్నయ్య గురించి అడిగాడు. ఉద్దానంలో ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. ఇచ్ఛాపురం నుంచి కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ రోగి లేని ఊరు వెతుక్కోవాలి. నీళ్ళన్నారు, మందులన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమన్నారు. ఎంతో మంది వచ్చి పరీక్షించారు. ఇదీ కారణం అని తేల్చి చెప్పినవాళ్ళు లేరు.

కానీ అతని ప్రశ్నలు పరామర్శలా లేవు.

"అన్నగారికి మొదట్లో ఏటనిపించింది మాస్టారూ?"

"ఏమీ అనిపించలేదు. కాస్త నీరసం. పాదాలు ఉబ్బితే తోట పని వల్లేమో అనుకున్నాడు. తర్వాత అన్నం సహించలేదు. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 8 దాటింది. మామూలుగా 1.2 లోపుండాలి."

"ముందే సూయించుంటే?"

"మందులతో, పథ్యంతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాడని డాక్టర్లన్నారు. కిడ్నీలు చాలా భాగం పోయేదాకా మనిషికి తెలియనివ్వవట."

"మిషను మీద నొప్పుంటాదేటండి?"

"సూదులు గుచ్చినప్పుడు. తర్వాత నీరసం."

తలూపాడు. కుర్రాడు గొట్టం తెచ్చాడు. బిగించి స్టార్ట్ చేశాడు. వేగం 800. టీ గ్లాసు తీసి ఇంజను మూత మీద పెట్టాడు. టీ మీద తరక కదల్లేదు.

ఎంతయిందంటే గొట్టం ఖరీదుతో కలిపి మూడు వందలన్నాడు. అయిదు వందల నోటిచ్చి ఉంచుకోమన్నాను. రెండు వందలు లెక్కపెట్టి తిరిగిచ్చేశాడు.

"రేపు మంగళవారం కదండీ. ఈ దారినే కదా టెక్కలెళ్తారు?"

"అవును. ఆరింటికల్లా ఇక్కడుంటాం."

"వెనకసీట్లో ఒకళ్ళకి సోటుంటాదేటండి?"

"ఉంది. ఎవరికి?"

జేబులోంచి ఆ మడత కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మరలు పెట్టిన చోట్ల గుండ్రని నూనె మరకలు. పేరు అతనిదే. క్రియాటినిన్ 5.6. తారీఖు ఏడు నెలల కిందటిది.