నేర్చుకోండి సిస్టర్, వాడకండి!

ఈ దేశంలో చదువు ఎప్పటికీ పూర్తికానిది ఇద్దరికే: సప్లిమెంటరీ రాసేవాళ్లకు, నర్సులకు. మొదటివాళ్లకు పాసైతే విముక్తి ఉంది. రెండోవాళ్లు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలంటే 150 గంటల నిరంతర విద్య చూపించాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. మంచి మాటే. మందులు మారుతుంటాయి, యంత్రాలు మారుతుంటాయి, నేర్చుకోవద్దని ఎవరంటారు? ఆ గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయని మాత్రం ఎవరూ అడగరు. వీక్లీ ఆఫ్‌లోంచి వస్తాయి. లేదా నైట్ డ్యూటీ దిగాక వస్తాయి.

పొద్దున ఎనిమిదింటికి హ్యాండోవర్ ఇచ్చి, తొమ్మిదింటికి సెమినార్ హాల్లో కూర్చున్న సిస్టర్‌ని చూడండి. ముందు జ్యోతి ప్రజ్వలన. ఫ్యాన్ గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుంది, ఫ్యాన్ ఆపితే ముఖ్య అతిథికి చెమట. తర్వాత శాలువాలు. తర్వాత ప్రసంగాలు, ప్రతిదాంట్లో 'మీరు దేవతలమ్మా'. (దేవతలు జీతం అడగరు కదా, అందుకే ఆ బిరుదు అంత చవగ్గా దొరుకుతుంది.) పన్నెండింటికి అసలు పాఠం: చేతుల శుభ్రత. శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి, రోగిని ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి. వెనక వరసలో ఒకావిడ నిద్రమత్తులోనే లెక్కవేసింది: నలభై మంది ఉన్న వార్డులో ఒక్క రౌండుకి రుద్దుడే నలభై నిమిషాల దాకా! జనరల్ వార్డులో ఆరుగురికి ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఎప్పుడో లెక్క కట్టింది. ఆ ఆరుకీ ఈ నలభైకీ మధ్య ఉన్న ముప్పైనాలుగు మందిని ఎవరు చూడాలో స్లయిడ్‌లో లేదు. ఆవిడ అడగబోయేలోపు భోజనాలకు పిలిచారు. సంతకం రెండు పూటలా పెట్టాలి. గంటలు పడేది సంతకానికి, మెలకువకు కాదు.

సరే, నిజంగానే చదివిందనుకుందాం. జీఎన్ఎం డిప్లొమా చేసినావిడ సొంత డబ్బుతో రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేసి వచ్చింది. అదే వార్డు, అదే బల్ల, అదే ఇండెంట్ పుస్తకం. హెచ్ఆర్ వాళ్లు చప్పట్లు కొట్టారు. చప్పట్లలో పీఎఫ్ కటింగ్ ఉండదు, అదొక్కటే సుఖం. బీపీ పడిపోతోందని ఆవిడ చెబితే, నిన్నగాక మొన్న చేరిన కుర్ర డాక్టరు "మీరు చార్ట్ రాయండి సిస్టర్, మేం చూసుకుంటాం" అంటాడు. కాసేపటికి, అందరూ వెళ్లాక వచ్చి, డ్రిప్ ఎంత స్పీడులో పెట్టాలో ఆవిడనే గొంతు తగ్గించి అడుగుతాడు.

2016లో నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ల కోర్సు కూడా మొదలుపెట్టారు. ఐసీయూలో బాధ్యత తీసుకోగల నర్సును తయారుచేయడం లక్ష్యం. తయారైన నర్సుకు ఆ పేరుతో కుర్చీ ఎక్కడుందో వెతుక్కోవడం మూడో ఏడాది సిలబస్ అనుకోవాలి.

ఇక జీతం సంగతి. సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేలు తగ్గకూడదని 2016లోనే సిఫార్సు చేసింది. చాలా యాజమాన్యాలకు ఆ పాఠం ఇంకా తలకెక్కలేదు. వాళ్లకు 150 గంటలు ఎవరూ పెట్టలేదు మరి.

అలాగని నేర్చుకుంటే జీతం పెరిగే చదువు అసలు లేదనకండి. ఒకటుంది, జర్మన్ భాష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకు ఆ భాష నేర్పించి జర్మనీకి పంపిస్తోంది. మనవాళ్లు చార్ట్ రాయడానికే పనికొస్తుందనుకున్న సిస్టర్, ఆ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసయ్యేసరికి అక్కడివాళ్లకు అక్కరకొచ్చే నిపుణురాలైపోతుంది. ఆవిడ రాజీనామా ఇచ్చిన రోజే మేనేజ్‌మెంటుకు జ్ఞానోదయం: "ఇంత అనుభవమున్న మనిషిని ఎలా వదులుకుంటామమ్మా?" ఆ వెంటనే ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసి, చేరినప్పుడు రాయించుకున్న బాండ్ డబ్బులు కట్టమంటుంది. ఆవిడ కట్టేసి వెళ్తోంది.