గుండె హింసాత్మకం

షావోమీ వాళ్ళు మన దేశంలో తయారైన తమ తొలి ఫోనును 2015 ఆగస్టులో విశాఖలో ముఖ్యమంత్రిని పక్కన పెట్టుకుని విడుదల చేశారు. రెడ్‌మీ 2 ప్రైమ్. పండగ విశాఖలో జరిగినా, పుట్టిల్లు మాత్రం మన శ్రీ సిటీ, ఫాక్స్‌కాన్ కర్మాగారం. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పోయి ఆ ఫోన్లను కూర్చారు. వాళ్ళ పిల్లలు చదివే బడిలో ఒక అయ్యోరు మూడు నిమిషాల వీడియో చూపించాలంటే పడే పాట్లు చూస్తే, ఫోను తయారు చేయడమే సులువనిపిస్తుంది.

పులికాట్ సరస్సుకు అవతలే శ్రీహరికోట. 2004 సెప్టెంబరు 20న జీఎస్ఎల్వీ అక్కడినుంచే ఎడ్యుశాట్‌ను మోసుకుపోయింది. అచ్చంగా చదువు కోసమే మనవాళ్ళు పంపిన మొదటి ఉపగ్రహం అది. బరువు దాదాపు రెండు టన్నులు, కూర్చున్న ఎత్తు 36 వేల కిలోమీటర్లు. అంత పైనుంచి పాఠం నేలకు దిగొచ్చింది గానీ, తరగతి గోడకున్న డిజిటల్ ప్యానెల్ నుంచి మూడో బెంచీ దాకా రావాలంటే ఇప్పుడు అనుమతి కావాలి.

ఇంకా వెనక్కి పోదాం. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, నాసా దగ్గర ఎరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఎమర్జెన్సీ రోజులవి. పత్రికల మీద సెన్సారు కత్తి వేలాడుతోంది. పల్లె బడిలో టీవీకి మాత్రం ఎవరూ అడ్డం నిలబడలేదు. సర్కారు తీసిన కార్యక్రమాన్ని సర్కారే ఎందుకు ఆపుకుంటుంది అంటారా? ఆ రోజుల్లో ఆపుకునేది కాదు. ఇప్పుడు ఆ తెలివి కూడా వచ్చింది.

ఎట్లాగంటే, పాఠ్యపుస్తకం సర్కారుది. అందులో అచ్చేసిన క్యూఆర్ కోడ్ సర్కారుది. కోడ్ మీద ఫోను పెడితే తెరుచుకునే దీక్ష వేదిక, 2017లో మొదలైంది, అదీ సర్కారుదే. దీక్షలో కొన్ని వీడియోలు యూట్యూబ్ నుంచి ఆడతాయి. బడి ఇంటర్నెట్‌కు పెట్టిన ఫిల్టరు యూట్యూబ్‌ను గంపగుత్తగా మూసిన చోట పాఠం అంతదూరం వచ్చి గుమ్మంలో ఆగిపోతుంది. పిల్లలకు తెల్లటి తెర, దాని మీద చక్కటి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఇంగ్లీషు మీడియం లక్ష్యం కూడా ఆ విధంగా నెరవేరుతుంది.

ఫిల్టరుకు చదవడం వస్తుంది, అర్థం చేసుకోవడం రాదు. 1996లో అమెరికా కంపెనీ ఏఓఎల్, ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ ఊరివాళ్ళకు ఖాతాలు తెరవనివ్వలేదు. ఊరిపేరు మధ్యలో నాలుగక్షరాల బూతు దాగి ఉందట. ఊరు ఊరంతా అశ్లీలమైపోయింది. 2000లో అమెరికాలో చట్టమే తెచ్చారు: ఇంటర్నెట్‌కు కేంద్రం రాయితీ కావాలంటే బడిలో ఫిల్టరు ఉండాల్సిందే. ఫిల్టర్ల వ్యాపారం అప్పట్నుంచి మూడు పువ్వులు ఆరు కాయలు. ఫిల్టర్లు ఆపే మాటల జాబితాలు ఎక్కువగా ఇంగ్లీషువే. దానివల్ల మనకొక సౌకర్యం ఉంది. జీవశాస్త్రంలో 'పునరుత్పత్తి' పాఠానికి ఇంగ్లీషు పేరు కొడితే తాళం పడుతుంది. అదే అచ్చతెలుగులో రెండర్థాల పాట ఏదైనా కొట్టండి, రాజమార్గంలో వచ్చేస్తుంది. మాతృభాషకు ఇంత గౌరవం ఇంకెక్కడా దక్కలేదు.

అసలు ఇంటర్నెట్టే లేకుండా చేస్తే పీడా పోతుందని కూడా చూశారు. ఆంధ్రప్రదేశ్ సర్కారు 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. బైజూస్ కంపెనీ పాఠాలు ముందే నింపి, మిగతా లోకానికి తాళం వేసి ఇచ్చారు. ఆ తాళం తీసే విద్య కొందరు పిల్లలకు పాఠాలకంటే ముందే అబ్బింది. తర్వాత 2024 జులైలో బైజూసే దివాలా ప్రక్రియలోకి పోయింది. తాళం వేసిన కొట్టు మిగిలింది, కొట్టు యజమాని మిగల్లేదు.

2023 ఆగస్టులో ఇంకో మలుపు. పిల్లలు ఫోన్లు తేకూడదన్నారు, సబబే. అయ్యోర్లు కూడా తరగతికి పోయే ముందు తమ ఫోన్లు హెడ్మాస్టరుకు అప్పగించాలన్నారు. అంతకు ఏడాది ముందే, 2022 ఆగస్టులో, అదే అయ్యోరు అదే ఫోనుకు ముఖం చూపిస్తేనే హాజరు పడుతుందన్నారు. అప్పట్లో మరుగుదొడ్డి ఫొటో తీసి ఎక్కించాలన్నా ఆ ఫోనే. కెమెరాకు మరుగుదొడ్డి నిషిద్ధం కాలేదు, తరగతి గది నిషిద్ధమైంది.

ఫిల్టర్లే వద్దని నేననడం లేదు. పదేళ్ళ పిల్లాడి చేతికి మొత్తం యూట్యూబ్‌ను ఎవరిస్తారు? ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు వాళ్ళకు సోషల్ మీడియా ఖాతాలు మూసింది, యూట్యూబ్‌తో సహా. కానీ అక్కడ టీచరు తరగతిలో వీడియో పెట్టి చూపించుకోవచ్చు. ఆ మాటకొస్తే గూగుల్ వాళ్ళ బడి ఖాతాల్లో ఏ వీడియో మంచిదో టీచరే ఆమోదించే ఏర్పాటు ఎప్పట్నుంచో ఉంది. అది పనిచేయాలంటే ముందు పైవాళ్ళు అయ్యోరిని నమ్మాలి. ఆ మీట ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

ఇక ఒక బడిని ఊహించుకుందాం. శ్రీ సిటీ గోడకు బయట, ఏ ఊరని అడగొద్దు. పదో తరగతి, రక్తప్రసరణ పాఠం. అయ్యోరు ప్యానెల్ మీద వీడియో నొక్కాడు. రాలేదు. ఆఫీసు గదికొచ్చి ల్యాండ్‌లైన్ నుంచి హెల్ప్‌డెస్క్‌కు ఫోను కొట్టాడు.

"సార్, గుండె పాఠం సార్. ఓపెన్ కాలేదు."

"చూస్తున్నా సార్. రక్తం అని ఉంది కదా, హింస కేటగిరీలో పడింది."

"గుండెలో రక్తం కాక ఇంకేముంటాది సార్?"

"నిజమే సార్. మీరొక రిక్వెస్ట్ పెట్టండి. పైకి పంపిస్తాం. ఏడు పనిదినాలు."

"ఏడు దినాలకు మేము మూత్రపిండాల్లో ఉంటాం సార్."

"అది కూడా ఇప్పుడే పెట్టేయండి సార్, ముందు జాగ్రత్తగా."

అవతలివాడు మంచివాడే. గొంతు తగ్గించి, మీ ఫోను హాట్‌స్పాట్ పెట్టుకోండి సార్, మేమెవరికీ చెప్పం అన్నాడు. ఫోను బీరువాలో ఉంది. బీరువా తాళం హెడ్మాస్టరు జేబులో ఉంది. హెడ్మాస్టరు 'తరగతి గదిలో డిజిటల్ బోధన' మీద మండల కేంద్రంలో సమీక్షకు పోయినాడు.

మధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుతా వచ్చినాడు. "సార్, డిజిటల్ క్లాసు జరుగుతా ఉండే ఫొటో మూడింటికల్లా ఎక్కించాలంట. లేకుంటే మెమో." బీరువా తెరిచి అయ్యోరి ఫోను ఆయనే చేతిలో పెట్టాడు. పిల్లల్ని ప్యానెల్ ముందు వరసగా కూర్చోబెట్టారు. ఇద్దరు చేతులెత్తారు. వెనక తెర మీద ప్రవేశం లేదన్న ఇంగ్లీషు వాక్యం ధగధగా మెరుస్తోంది. అయ్యోరు ఫొటో తీసి ఎక్కించాడు. రెండు నిమిషాల్లో పైనుంచి బొటనవేలు గుర్తు వచ్చింది, కింద 'వెరీ గుడ్' అని. ఫోను మళ్ళీ బీరువాలోకి పోయింది.