ప్యాకర్స్ వారి కొటేషనుకు లఘు టీక

మూలం: "హైదరాబాదు నుంచి బెంగళూరుకు రెండు పడగ్గదుల ఇంటి సామాను, ప్యాకింగు, లోడింగు, రవాణా, అన్‌లోడింగు, అంతా కలిపి 28,000 రూపాయలు మాత్రమే. జీఎస్టీ, ఆక్ట్రాయ్, మెట్లు, హాల్టింగు అదనం. సామాను ఓనర్ రిస్కు మీద. షరతులు వర్తిస్తాయి."

అవతారిక. పై పాఠం ఏ ఒక్క సంస్థదీ కాదు. ఊరు మారే సంసారులకు వాట్సాప్‌లో వచ్చే నానా ప్రతులను పోల్చి, పాఠభేదాలు పరిహరించి, మధ్యస్థంగా కుదిర్చిన పరిష్కృత పాఠం. ఊళ్లు మారవచ్చు, అంకె మారవచ్చు, వాక్యాల వరుస మాత్రం మారదు. ముందు "అంతా కలిపి" వస్తుంది, దాని వెనకే "అదనం" వస్తుంది, చిట్టచివర షరతులు వస్తాయి. శాస్త్రగ్రంథం అన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి గనక చెబుతున్నాం: విషయం సామాను, ప్రయోజనం లారీవారిది, సంబంధం అడ్వాన్సు చేతికందేదాకా మధురం. ఇక అధికారి, అంటే ఈ గ్రంథం చదవడానికి అర్హుడు, నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయవలసినవాడు. ఆ తొందర లేనివాడికి ఇందులో ఏ రసమూ పుట్టదు. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమే పాటించగలడు.

ప్రతిపదార్థం విద్యార్థులకు వదిలేస్తున్నాం. చిక్కు పదాల్లో లేదు, వాక్యాల మధ్య ఉంది. మొదటి వాక్యం అంతా కలిపానంటుంది, రెండోది కలపలేదంటుంది. ఒకే గ్రంథంలో మొదలూ చివరా కొట్టుకుంటే ఎవరిది పైచేయి? ఇది చిన్న ప్రశ్నేం కాదు. పదహారో శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు ఉపక్రమానిదే బలమని వాదిస్తూ "ఉపక్రమ పరాక్రమం" అని ఒక గ్రంథమే రాశారు. దానికి బదులుగా కుంభకోణంలో ఉన్న మాధ్వ పీఠాధిపతి విజయీంద్రతీర్థులు, ముగింపే నెగ్గుతుందని "ఉపసంహార విజయం" రాశారు. పేర్లలోనే యుద్ధభేరి వినిపిస్తుంది. మన ప్యాకర్స్ వారంతా, ఆ సంగతి తమకే తెలియకుండా, విజయీంద్రుల పక్షం. గృహస్థు మాత్రం మొదటి వాక్యం చదివి అప్పయ్య దీక్షితుల వెంట పోయి, ఆ 28,000 తీసి పక్కన పెట్టుకుంటాడు. ఆ అంకెకు 18 శాతం జీఎస్టీ కలిపితే 33,040 అవుతుందన్నది రెండో వాక్యం చదివితే గాని తెలియదు. మీమాంసకుల లెక్కలో మొదటి వాక్యం అర్థవాదం, అంటే పనికి పురికొల్పే పొగడ్త. విధి వాక్యాలు తరవాతవే. అస్పష్టంగా రాసిన ఒప్పందానికి రాసినవాడికి వ్యతిరేకంగానే అర్థం చెప్పాలని న్యాయస్థానాల్లో ఒక సూత్రం ఉంది, బీమా పత్రాల విషయంలో మన సుప్రీంకోర్టు దాన్ని పాటించింది కూడా. కానీ ఆ సూత్రం ఆసరా కావాలంటే కోర్టుదాకా పోవాలి. మంచాలు అప్పటికే లారీలో ఉంటాయి.

"రవాణా" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. దూరాభారపు తరలింపు మీద మనకున్న ప్రామాణిక గ్రంథం కాళిదాసు మేఘదూతం, యక్షుడొకడు మేఘం చేత భార్యకు కబురు పంపే కావ్యం. దాన్ని అందరూ విరహకావ్యంగానే చదువుతారు, రవాణాశాస్త్రంగా చదివినవాళ్లు తక్కువ. మొట్టమొదటే లోడింగు అడ్రసు వివాదం. యక్షుడున్న రామగిరి అంటే చిత్రకూటమన్నాడు మల్లినాథుడు, నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అంటారు ఆధునికుల్లో చాలామంది. బండి ఎక్కడికొచ్చి నిలబడాలో వ్యాఖ్యాతలకే తేలలేదు. తరవాత దారి. ఉత్తరానికి పోయేవాడికి ఉజ్జయిని చుట్టుదారే, అయినా చూడకుండా పోవద్దని యక్షుడే చెబుతాడు, అంటే చుట్టు తిరగడానికి పార్టీ అనుమతి ముందే ఉంది. మహాకాళుడి గుడికి ఏ వేళకు చేరినా సరే, సాయంకాలపు పూజదాకా ఆగమంటాడు. అది హాల్టింగు. రాత్రికి పావురాలు నిద్రపోయే మేడ మీద గడపమంటాడు. అది నైట్ హాల్టు, దానికి వేరే రేటు. అన్నిటికన్నా విశేషం ఆమ్రకూటం దగ్గర. అక్కడ కార్చిచ్చు మీద కురిసి మేఘం సరుకు దించుతుంది, తేలికై వేగం అందుకుంటుంది, ఆపైన రేవానది నీళ్లు తాగి మళ్లీ బరువెక్కుతుంది. ఇలా దించుతూ ఎక్కించుకుంటూ పోయే పద్ధతిని ఇవాళ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో పార్ట్ లోడ్ అంటారు. మల్లినాథుడి కాలానికి ఆ మాట పుట్టలేదు గనక సంజీవనీ వ్యాఖ్యలో ఈ విశేషం దక్కలేదు, అందుకాయనను తప్పు పట్టరాదు. కిరాతార్జునీయ వ్యాఖ్యకు రాజమార్గమనే అర్థంలో ఘంటాపథమని పేరు పెట్టినప్పుడు కూడా ఆయన టోల్‌గేట్ల ఊసెత్తలేదు. హైదరాబాదు నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 570 కిలోమీటర్లు. జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా ఒక రాత్రీ ఒక పూటా దారి. పార్ట్ లోడ్‌లో పడ్డ సామాను మాత్రం ఊరి బయటి గోడౌనులో తోడు సామాను కోసం కాచుకుంటుంది, దారిలో వేరే బండిలోకి మారుతుంది. వారమైనా గట్టిగా అడగలేం, మూలంలో తేదీ అనేదే లేదు. యక్షుడూ మేఘుడి దగ్గర తేదీ రాయించుకోలేదు. అయితే ఆయన పంపింది ఒక్క కబురు. దానికి ప్యాకింగు అక్కర్లేదు, పగలవలసింది అప్పటికే పగిలి ఉంది.

ఇక ప్రకృతం. "ఆక్ట్రాయ్ అదనం" అన్నది ప్రక్షిప్తమా, ప్రాచీనమా అని శంక. ప్రాచీనమే. 2017 జులై 1న జీఎస్టీతో ఆక్ట్రాయ్, ఎంట్రీ ట్యాక్సులు పోయాయి, రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులూ పోయాయి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు. అయినా లేఖకులు పాత తాళపత్రం నుంచి కొత్త తాళపత్రానికి ఎత్తి రాసినట్టు ఆ మాటను ఇంకా ఎత్తి రాస్తూనే ఉన్నారు. చచ్చిన పన్ను పేరు కాగితం మీద ఉంటే, ఏదో ఒక చోట ఎవరో ఒకరు దాని పేరిట ఓ వెయ్యి అడగడానికి వీలుంటుంది. "మెట్లు" అన్న మాటకు మాత్రం దీర్ఘ వ్యాఖ్య కావాలి. ఇక్కడ పూర్వపక్షం: లారీవాళ్లు సర్వజ్ఞులు కారు, డీజిలు ధర, వానలు, అపార్ట్‌మెంటు అసోసియేషన్ల ఆంక్షలు ముందే ఎలా తెలుస్తాయి, అందుకే అదనాలు వేరుగా పెడతారు. సమాధానం: డీజిలు సంగతి ఒప్పుకుంటాం, వాన సంగతీ ఒప్పుకుంటాం. కానీ సర్వేకు వచ్చినవాడు లిఫ్టు పనిచేయని ఆ నాలుగో అంతస్తుకు తన కాళ్ల మీదే ఎక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి రొప్పుతూ మంచినీళ్లు అడిగాడు. డబుల్ కాట్ చూశాడు, స్ప్లిట్ ఏసీ చూశాడు, ఫ్రిజ్ తలుపు తెరిచి మూశాడు, అన్నిటికీ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. నీళ్లు తాగి కిందికి దిగి "మెట్లు అదనం" అని రాశాడు. ఎంత అదనమో రాయలేదు. తెలియనిదాన్ని వదిలేస్తే వినయం అనుకోవచ్చు. తెలిసి అంకె వేయకపోవడాన్ని ఏమనాలో అలంకారశాస్త్రంలో పేరు లేదు, శిక్షాస్మృతిలో ఉండవచ్చు.

మరో పూర్వపక్షం: తప్పు గృహస్థుదే, నాలుగు కొటేషన్లు తెప్పించి అన్నిటికన్నా తక్కువదాని మీదే వేలు పెడతాడు గనక నిజాయితీగా 42,000 అని రాసినవాడికి బేరం రాదు. ఇందులో సగం నిజం ఉంది, దాచడం ఎందుకు. చవక అంకె రాసేవాడిని తయారు చేసింది చవక అంకెను వెతికే కన్నే. కానీ మిగతా సగం అటువైపు పడుతుంది: నాలుగు కొటేషన్లూ ఒకే తరహా మౌనం పాటిస్తే, పోల్చి చూడడానికి అంకె తప్ప ఇంకేం మిగిలింది? పైగా ఆ వాక్యంలో కర్త లేడు, గమనించండి. అడ్వాన్సు తీసుకున్నవాడొకడు, అట్టపెట్టెలు కట్టినవాడొకడు, లారీ ఇంకొకడిది. సామాను ఆలస్యమైతే ముగ్గురూ మిగతా ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారు.

"సామాను ఓనర్ రిస్కు మీద." గ్రంథం మొత్తానికీ గుండెకాయ ఈ వాక్యం. 1865 నాటి క్యారియర్ల చట్టం స్థానంలో 2007లో రోడ్డు రవాణా క్యారియర్ల చట్టం వచ్చింది, 2011 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం దారిలో సామాను పోయినా పాడైనా పూచీ క్యారియర్‌దే. దైవికం, యుద్ధం, అల్లర్లలాంటి కొన్ని మినహాయింపులున్నాయి. దావా వేసినవాడు లారీవారి నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర్లేదు కూడా. ఓనర్ రిస్కు అని రెండు మాటలు అచ్చు వేసినంత మాత్రాన ఆ సెక్షన్లు చెరిగిపోవు. అయితే పూచీకి ఒక హద్దుంది: ఎక్కువ విలువ ముందే ప్రకటించి అదనపు రేటు కట్టకపోతే, ఫ్రైటుకు పదింతల వరకే పరిహారం. ఇప్పుడు మూలానికి తిరిగి రండి. 28,000లో ప్యాకింగు, హమాలీలు అంటూ వేరే పద్దులు తీసేసి రసీదు మీద ఫ్రైటు 9,000 అని వేస్తే, ఇంటెడు సామానుకూ హద్దు 90,000 దగ్గర ఆగుతుంది. ఆ చీలిక వెనక ఇంత వ్యంగ్యార్థం ఉంటుందని ధ్వనికారులు కూడా ఊహించి ఉండరు. దీనికి విరుగుడంటూ అమ్మేది ట్రాన్సిట్ ఇన్సూరెన్సు, తరచు వినిపించే రేటు ప్రకటించిన విలువలో 3 శాతం. మూడు లక్షల సామానుకు 9,000. బీమా సంస్థ పేరూ పాలసీ నంబరూ ఉన్న కాగితం చేతికి వస్తే అది బీమా. రసీదులోనే ఎఫ్‌ఓవీ (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అని ఒక గీత గీసి అంకె వేస్తే అది లారీవారి సొంత హామీ, అంటే మొదటి వాక్యంలో అంతా కలిపామన్నవారే ఇచ్చిన ఇంకో మాట.

మూలం చెప్పనిది కూడా చెప్పడం వ్యాఖ్యాత ధర్మం. ఊరు మారే ఖర్చంటే లారీ ఖర్చేనని తోపించడమే ఈ కొటేషన్ల అసలు మాయ. మనవాళ్లు వారం రోజులు 28,000ను 26,000 చేయడానికి బేరమాడి, అసలు పద్దు వైపు చూడరు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా కట్టి అలవాటైనవాడికి బెంగళూరులో ఐదారు నెలలు, కొన్ని చోట్ల పది నెలలు అడుగుతారు. అద్దె 30,000, అడ్వాన్సు ఆరు నెలలు అనుకుంటే 1,80,000. బ్రోకరుకు ఇంకో నెల. అద్దె ఇళ్లకు రెండు నెలలకు మించవద్దని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం అంటుంది, కానీ పేరులోనే నమూనా ఉంది, రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే దానికి ప్రాణం. పాత ఇంటి అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేశాక, పెయింటింగు కోసుకొని, వచ్చినప్పుడు వస్తుంది. కొత్త ఇంటిది తాళం ఇవ్వకముందే కట్టాలి. ఈ రెంటి మధ్య కాలానికి, రెండు ఇళ్ల అద్దె ఒకే నెలలో పడే ఆ పదిహేను రోజులకు డబ్బు ఎక్కడిదన్నదే అసలు బడ్జెట్టు. ఆ పక్కన లారీ బాడుగ ఉపాఖ్యానం. కారు ఉంటే ఇంకో పర్వం: పన్నెండు నెలలు దాటి కర్ణాటకలో ఉంచితే తెలంగాణ ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకొని అక్కడ రిజిస్టరు చేయించి జీవితకాలపు పన్ను కట్టాలి. పాత పన్నులో మిగిలింది తిరిగి ఇమ్మని ఇక్కడ దరఖాస్తు పెట్టాలి. "జీవితకాలం" అన్నది కారు జీవితానికా, రాష్ట్ర సరిహద్దుకా అన్న చర్చ వేరే టీకకు వదిలేద్దాం.

"షరతులు వర్తిస్తాయి." సంతకం పెట్టేముందు చదువుకోవాలి కదా అని చివరి పూర్వపక్షం. చదవడానికి అవి కనబడాలి. షరతులు గూడ్స్ రసీదు వెనకవైపు బూడిదరంగు సిరాతో ఉంటాయి, ఆ రసీదు సామానంతా లారీ ఎక్కాక చేతికొస్తుంది. అప్పుడు చదివి ఒప్పుకోనంటే హమాలీలు దించడానికి మళ్లీ కూలి అడుగుతారు. కాబట్టి లోడింగుకు ముందే వస్తువుల జాబితా, మెట్లకు ఎంత, హాల్టింగుకు ఎంత, డెలివరీ ఏ తేదీకి అన్నవి అంకెలతో రాయించుకోవాలి, ఫార్వర్డింగ్ నోట్‌లో విలువ వేయించాలి. నష్టం జరిగితే దావాకు ముందు నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. డెలివరీ నాడు బబుల్ ర్యాప్ విప్పకముందే "అన్నీ బాగా అందాయి" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. దాని కింద "పెట్టెలు తెరిచి చూడలేదు" అని ఒక్క వాక్యం మన చేత్తో రాసి సంతకం పెట్టాలి, ఈ మూలానికి గృహస్థు చేర్చగల వార్తికం అదొక్కటే. డ్రైవరు దగ్గర పెన్ను ఉండదు. మనది ఏ పెట్టెలో ఉందో పెట్టె మీద రాయలేదు.