నూరేళ్ల బిందె

మన తాతలు రాగి చెంబుతో నీళ్లు తాగారు, ఇత్తడి గిన్నెలో వండుకున్నారు, కంచు పళ్లెంలో తిన్నారు, అందుకే నూరేళ్లు బతికారు. ఈ సందేశం ఇంతవరకూ ఎవరి ఫోనుకైనా రాలేదంటే వారికో దండం. 1951 నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. మిగతా అరవై ఎనిమిదేళ్లూ బిందె అడుగునే ఉండిపోయాయి కాబోలు! సగటును కిందికి లాగింది పసిబిడ్డల చావులని నాకూ తెలుసు. రాగి మహిమ ఆ బిడ్డల మీద ఎందుకు పనిచేయలేదన్నదే సందేహం.

అసలు ఆ రాగి ఎందరి ఇళ్లలో ఉండేది? కూలివాడి ఇంట్లో ఉన్నవి మట్టికుండ, మూకుడు. బిందె ఉన్నా అది కోడలి సారెలో వచ్చేది, కరువు ఏడాది తాకట్టుకు పోయేది. కొందరికైతే చెంబు తాకే యోగ్యత కూడా లేదన్నారు. దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోశారు. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మరీ పాత సంగతేం కాదు. పూర్వీకుల పాత్రల వైభవం చూపించే వీడియోల్లో ఆ రెండో గ్లాసు ఎక్కడా కనబడదు.

పాత్రలున్న ఇళ్లవాళ్లకు మాత్రం లోహం గుణం బాగా తెలుసు. ఇత్తడికి పులుపు తగిలితే కిలుమెక్కుతుందని పులుసు రాచ్చిప్పలో కాచారు. ఆవకాయను జాడీకెత్తారు. ఇత్తడి గిన్నెలో వండాలంటే ముందు దానికి కళాయి పడాలి. కళాయి వేసేవాడు వీధిలోకొచ్చి, నేలలో గొయ్యి తీసి, బొగ్గులు రాజేసి, తిత్తి ఊది, కాలిన గిన్నెలో నవాసాగరం చల్లి, తగరం రాసి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా తెల్లగా మెరిసేది. పూత అరిగితే మళ్లీ అతని కేక కోసం ఎదురుచూపులు. అంటే ఇత్తడిలో వండారని మనం మురిసిపోతున్న ఆ అన్నం ఉడికింది తగరం మీద. ఈనాటి రాగి భక్తుడికి ఇవేవీ అక్కర్లేదు. రాగి సీసాలో నిమ్మకాయ పిండుకుని జిమ్ముకు బయల్దేరతాడు.

రాగికి క్రిముల్ని చంపే గుణం ఉంది, కాదనను. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, రాగి కుండలో 16 గంటలు నిలవుంచిన నీళ్లలో విరేచనాలు కలిగించే బాక్టీరియా చచ్చిపోయింది. శుద్ధి చేసుకునే దారి లేని ఊరికి అది నిజంగా మంచి కబురు. మన భక్తుడు ముందు నీళ్లను ఆర్వోలో వడకట్టి, యూవీ దీపానికి చూపించి, ఆ తరవాతే రాగి సీసాలో పోస్తాడు. చంపడానికి ఒక్క క్రిమీ లేని చోట రాగి రాత్రంతా కాపలా కాస్తుంది, పాపం.

ఇక తోమడం. చింతపండు, బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు. వీటితో పెరట్లో గొంతుక్కూర్చున్నది తాతగారు కాదు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు. అది గిన్నెలై మన వీధుల్లోకి వచ్చేసరికి దశాబ్దాలు పట్టింది. వచ్చాక మాత్రం అమ్మమ్మలు ఒక్క క్షణం ఆలోచించలేదు. పాత చీరలిచ్చి స్టీలు సామాన్లు తీసుకున్నారు, ఇత్తడిని తూకానికి అమ్మేశారు. దీని వెనక విదేశీ కుట్ర ఏదీ లేదు, నడుం నొప్పి ఉంది. ఆ అమ్మమ్మ బొమ్మనే ఇప్పుడు ఇత్తడి గిన్నెల అట్టపెట్టె మీద అచ్చేసి, ఆమె వదిలించుకున్న సరుకును ఆమె మనవరాలికి అంటగడుతున్నారు. ఈ మోజు పుణ్యమా అని బుడితిలోనో అజ్జరంలోనో ఒక కంచరి ఇంట నాలుగు ఆర్డర్లు పడితే మాత్రం నాకు సంతోషమే.

వంటింట్లో ఏమైనా, హోటలుకెళితే పప్పు రాగి హండీలోనే వస్తుంది. బయటంతా సుత్తి దెబ్బల నగిషీ, చూడగానే పూర్వజన్మ గుర్తొచ్చేంత ఎర్రదనం. పప్పు అయిపోయాక గరిటెతో అడుగు గీకి చూడండి. స్టీలు. అందులో చింతపండు పడుతుందని హోటలువాడికి తెలుసు.