ఎవరి బండి?

2012లో మా మురమళ్ళలోనే ఒక రిటైర్డు మాస్టారి దగ్గర హీరో హోండా సీడీ 100 కొన్నాను. 1998 బండి, ఏపీ 05 నంబరు. తొమ్మిది వేలిచ్చి, తెల్లకాయితం మీద సంతకం పెట్టించుకుని తాళాలు తీసుకున్నాను. పేరు మార్పించుకోమని మాస్టారు రెండుసార్లు చెప్పారు. "ఆయ్, వచ్చేవారం అమలాపురం వెళ్తానండి" అన్నాను. ఆ వచ్చేవారం పదమూడేళ్ళు రాలేదు.

మా ఊరి వీరేశ్వరస్వామి గుళ్ళో రోజూ కల్యాణమే. ఆ వచ్చేపోయే జనం మధ్య నుంచే రెండుపూటలా తిరిగాను. ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళొచ్చాను. బ్రేకు సగమే పట్టేది. సర్దుకుపోయాను.

మొన్న మా అమ్మాయికి 18 నిండాయి. కాలేజీకి ఆ బండి మీదే వెళ్తానంది. అప్పుడు భయమేసింది.

మెకానిక్కు బ్రేకు షూలు, చైను సెట్టు, రెండు టైర్లూ మార్చాడు. హ్యాండిలు కింద పేరుకున్న మట్టిని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తుడిచినచోట పల్చటి కాయితం ఆనించి పెన్సిలు అడ్డంగా రుద్దితే ఛాసిస్ నంబరు ఒక్కో అంకే పైకి తేలింది.

"బండి రెడీ అండి. కాయితాలే లేవు" అన్నాడు.

రిజిస్ట్రేషను 15 ఏళ్ళకే, అంటే 2013లోనే అయిపోయింది. ఆపైన ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. పొల్యూషన్, ఇన్సూరెన్సు కాయితాలు ఉండాలి. పైగా ఆర్సీలో పేరు మాస్టారిది. చేతులు మారినా పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న మనిషిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అది తెలిశాక కాళ్ళు నిలవలేదు.

రెన్యువల్‌కీ, పేరు మార్పుకీ కావలసిన 25, 29, 30 ఫారాలు పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకిప్పుడు ఎనభై రెండేళ్ళు. కళ్ళజోడు తుడుచుకుని, అడిగినచోటల్లా సంతకం పెట్టారు. ఒక్క మాట అనలేదు.

"తప్పయిపోయిందండి. పదమూడేళ్ళుగా ఇన్సూరెన్సు కూడా లేకుండా తిప్పాను" అన్నాను.

"లేకపోవడమేంటి బాబూ, ఉంది" అంటూ లోపలికెళ్ళి, పురికొసతో కట్టిన కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు.

థర్డ్ పార్టీ పాలసీలు. ఏడాదికొకటి చొప్పున పదమూడు. అన్నిటి మీదా నా బండి నంబరే.

"మీరెందుకు కట్టారండీ?" నా గొంతు నాకే వినపడలేదు.

"బండి నీదే. పేరు నాది కదా. నువ్వెవరినైనా గుద్దితే వాళ్ళ పిల్లలు ఉత్తచేతుల్తో వెళ్ళకూడదని పెన్షన్ డబ్బుల్లోంచి తీసిపెట్టేవాణ్ణి."

కాసేపాగి, నావైపు చూసి నెమ్మదిగా అడిగారు:

"మార్చితో గడువైపోతుంది. ఈసారి నువ్వు కడతావుగా బాబూ?"