బొటనవేలికి తెలిసిన బటన్

నేను నోకియా 1100ని. 2003లో మార్కెట్లోకి వచ్చిన ఫోన్ను. బరువు 86 గ్రాములు. నా జాతి ఫోన్లు ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. వాటిలో నన్ను, వల్లూరులో వరీ పసుపూ పండించే ఒక రైతు కడప ఏడురోడ్ల దగ్గర కొన్నాడు. ఇంట్లో పిల్లలు ఆయన్ను జేజినాయన అంటారు. నాకూ ఆయన జేజినాయనే.

నా ముఖం మీద పెద్దగా ఏమీ ఉండదు. రంగుల్లేని చిన్న తెర, అంకెల బటన్లు, వాటి పైన ఒక పెద్ద బటన్, పక్కన ‘సి’, పైకీ కిందికీ జరుపుకునేది ఒకటి. ఫోను ఎత్తడానికి పచ్చ బటన్, పెట్టేయడానికి ఎర్ర బటన్ కూడా లేవు. ఆ రెండు పనులూ పెద్ద బటనే చేస్తుంది. ఇప్పుడు నొక్కితే ఏమవుతుందో దాని నెత్తినే, తెర అడుగున ఇంగ్లీషు మాట పడుతుంది. ఇంగ్లీషు రాని జేజినాయనకు ఆ మాటతో పనిలేదు. మోగితే నొక్కాలి, మాట అయిపోతే మళ్లీ నొక్కాలి. అది ఆయన బొటనవేలికి మొదటి వారంలోనే తెలిసిపోయింది.

అయితే బటన్లు తగ్గించడం ఒక్కటే గొప్పయితే నేనింత మాట్లాడను. నన్ను తయారు చేసినవాళ్లు నాకు ఒక పని అదనంగా కూడా ఇచ్చారు. నెత్తిన చిన్న టార్చి పెట్టారు. దానికి కొత్త బటన్ చేర్చలేదు, ‘సి’నే ఒత్తి పట్టుకుంటే వెలిగేట్టు చేశారు. ఆ ఏర్పాటు విలువ నాకు చేలో తెలిసింది. త్రీఫేజు కరెంటు నడిరాత్రి వచ్చే రోజులవి. ఒక చేతిలో పార, మోకాళ్ల దాకా బురద, మడవ తెగిందేమో చూడాలి, గట్టు మీద పురుగూ పుట్రా భయం. ఆ చీకట్లో జేజినాయన నన్ను జేబులోంచి తీస్తూనే, తెర వైపు చూడకుండానే, తడిమి ‘సి’ పట్టుకునేవాడు. నేను బయటికొచ్చేసరికే వెలుగుతూ ఉండేదాన్ని. తడిమితే దొరకడమే నా రూపంలో అన్నిటికన్నా మంచి గుణమని ఇప్పటికీ నమ్ముతాను.

పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే లేచే దుమ్ము చూశారా? కళ్లు, చెవులు, చొక్కా అన్నీ పచ్చగా అయిపోతాయి. నా బటన్లన్నీ విడివిడిగా కాకుండా ఒకే రబ్బరు పొరగా పోశారు గనుక ఆ దుమ్ము లోపలికి దిగలేదు. పక్కలు గరుగ్గా ఉండబట్టి చెమట చేతిలోంచి జారలేదు. దూరం నుంచి చూసేవాళ్లకు అదంతా సాదా నల్లటి ఫోనే.

వస్తువు రూపం వాడేవాళ్ల చేతిని బట్టి ఉండాలన్న సంగతి మన దేశం చాలా ముందే విన్నది. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్లెస్, రే ఈమ్స్ దంపతులు వచ్చి ఒక నివేదిక రాశారు. తాము చూసిన వస్తువుల్లో చెంబును ఎంతో మెచ్చుకున్నారు. ఎంత నీరు పడుతుంది, వంచితే ఎట్లా పోస్తుంది, చంకన ఎట్లా కుదురుతుంది అని అడుగుతూ పోతేనే అంత అందమైన రూపం వస్తుందన్నది వాళ్ల లెక్క. ఆ నివేదిక ఊతంతోనే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది.

ఇక నా తర్వాత మనవడు జేజినాయనకు స్మార్ట్‌ఫోన్ తెచ్చాడు. ముందంతా గాజే. ఆ ఫోన్ మీద నాకు అసూయ లేదు. పసుపు ధర చూపిస్తుంది, దూరాన ఉన్న మనవరాలి ముఖం చూపిస్తుంది, తెలుగులో రాస్తుంది. నాకు చేతగానివే అవన్నీ. కానీ మొదటిసారి అది మోగినప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీన్ని ఎత్తేదెట్లరా అబ్బీ?”

“పైకి జరుపు జేజినాయనా.”

జరిపాడు. తడిచెయ్యి. అట్లాంటి గాజు వేలి స్పర్శతో మారే విద్యుత్తును బట్టి పనిచేస్తుంది, నీటి పొర అడ్డమొస్తే తికమకపడుతుంది. మోగి మోగి ఆగిపోయింది.

2017లో ఐఫోన్ టెన్ ముఖం మీది హోమ్ బటన్ పోయాక గాజు మీద వేలితో గీసే సైగలే అంతటా వాడుకయ్యాయి. ఆ గాజు ముఖం కంటికి నున్నగా, ముచ్చటగా ఉంటుంది, కాదనను. అయితే ముఖం మీంచి తీసేసిన ప్రతి బటన్‌నూ మనిషి తన తలలో పెట్టుకోవాల్సి వస్తుంది. కుర్రవాళ్లకు అది బరువు కాదు. డెబ్బై ఏళ్ల రైతుకు బరువే. ఆ బరువును లెక్కలోకి తీసుకోకుండా దాన్ని సింపుల్ అనడం నాకు ఒప్పుదల కాదు.

ఇప్పుడు కడప పక్కనే కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వచ్చింది, సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. పనిచేసేవాళ్లలో మా జిల్లా పిల్లలున్నారు. రేపు వాళ్లలో ఒకరు వస్తువు రూపం గీసే చోట కూర్చుంటారని నా ఆశ. వాళ్లనొకటి అడుగుతాను. మీరు చేసిన మొదటి నమూనాను అద్దాల బీరువాలో పెట్టకముందు దీపం ఆర్పండి, చెయ్యి తడుపుకోండి, దాని రీసెట్ బటన్ ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే జేజినాయన లాంటి మనిషిని ఒకరిని పిలిచి, ఎక్కడుంటే దొరుకుతుందో ఆయన్నే అడగండి.