మబ్బు మీద కేసు

మా కోహెడ మండలంలో మోయతుమ్మెద వాగు ఎండితే కారణం వాతావరణ మార్పు. అదే వాగు పొంగి బస్వాపూర్ దగ్గర సిద్దిపేట–హనుమకొండ రోడ్డు బంద్ అయితే, అదీ వాతావరణ మార్పే. ఇంత అనువైన నిందితుడు ఎక్కడా దొరకడు. పట్టా లేదు, వోటు లేదు, నోటీసు అంటిద్దామంటే ఇంటి తలుపూ లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇంకో మెట్టెక్కారు. ఈ క్లౌడ్ బరస్టుల వెనక విదేశాల కుట్ర ఉందంటున్నారని, అదెంత నిజమో తెలియదని సెలవిచ్చారు. దాంతో మబ్బుకు పాస్‌పోర్టు కూడా వచ్చేసింది.

ఇక సభల్లో మాట్లాడే పెద్దలు ఏకంగా హిమాలయాలెక్కుతారు. మంచు కరుగుతున్న మాట నిజమే. 2035 కల్లా మొత్తం పోతుందన్న మాటను మాత్రం, ఆ మాటన్న ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీయే 2010లో వెనక్కి తీసుకుంది. అయినా మోయతుమ్మెదకు మంచుతో ఏం చుట్టరికం? గుట్టల మీద పడ్డ వానతో పారి, మానేరులో కలిసి గోదావరికి పోయే వాగు ఇది. ఆ గోదావరి కూడా త్ర్యంబకేశ్వరం దగ్గర వాన కొండల్లో పుట్టిందే.

వాన తీరు మారలేదని నేననను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది, కురిస్తే కుండపోతగా కురుస్తుంది. ఒక్కపెట్టున వచ్చిన ఆ నీళ్లను పట్టి ఉంచేది వాగులోని ఇసుక. వానాకాలం తాగిందంతా దాచిపెట్టి, ఎండాకాలం చెలిమల్లోకి, ఒడ్డు బావుల్లోకి మెల్లమెల్లగా వదులుతుంది. పుష్య అమావాస్యనాడు సింగరాయ జాతరకొచ్చిన జనం ఈ వాగులోనే మునిగి, ఒడ్డునే వంట చేసుకుంటారు. వానలు పోయిన ఇన్ని నెలల తర్వాత కూడా ఆ పారకం ఎక్కడి నుంచి వస్తుందో ఎవరైనా ఆలోచించారా?

వాన నమ్మకం తప్పినకొద్దీ ఇసుక విలువ పెరగాలి. పెరిగింది కూడా, ట్రాక్టరు లెక్కన! రాత్రంతా ఇసుక తోలుతారు. పొద్దున్నే ఊట పడిపోయిందని ఆకాశం వైపు చూస్తారు. వెంటనే భూగర్భజలాల పెంపు మీద ఒక సమావేశం, నీళ్లాపడానికి ఒక చెక్‌డ్యాం మంజూరు, ఒక కొబ్బరికాయ. ఆ చెక్‌డ్యాం కాంక్రీటులోకి ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగకండి, శుభమా అని శంకుస్థాపన జరుగుతోంది.